బడిలో వెనుకబడుతున్న బిడ్డకు ఆక్యుపేషనల్ థెరపీ: తల్లిదండ్రులు ఎవరిని అడగాలి?

మీ బిడ్డను బడిలో చేర్పించి రెండు మూడేళ్ళయింది. తోటి పిల్లలు పలక వదిలి నోటుబుక్కులోకి వచ్చారు. మీ బిడ్డ మాత్రం ఇంకా గీతలు దాటి రాస్తున్నాడు. చొక్కా గుండీలు మీరే పెట్టాలి. మధ్యాహ్న భోజనం దగ్గర సగం అన్నం నేల మీదే పడుతుంది. టీచరు గారు "వీడికి ధ్యాస లేదమ్మా" అన్నారు. ఇంట్లో అవ్వ "వీళ్ళ నాయన కూడా చిన్నప్పుడు ఇంతే, పెద్దయితే అదే వస్తుంది" అన్నది. మీరు ఇద్దరి మాటా విని ఊరుకున్నారు.

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు నుండి మా ఓ.పి.కి వచ్చే కుటుంబాలలో చాలామంది ఇలాగే చెబుతారు. వారు వచ్చేది జ్వరానికో, ఫిట్స్ మందులకో. చీటీ రాయించుకుని, లేచి తలుపు దాకా వెళ్ళి, అప్పుడు వెనక్కి తిరిగి "సార్, వీడికి చేతులు సరిగా తిరగవు, బడిలో రాయలేడు" అంటారు. ఆ చివరి మాటకే ఈ వ్యాసం.

ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఏమిటి?

"ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం కదా, మా వాడికి ఎనిమిదేళ్ళే" అని ఒక తండ్రి మమ్మల్ని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే ఒక మనిషి పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా చేసుకునే పనులన్నీ. చిన్న బిడ్డకైతే తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, దొడ్డికి వెళ్ళి శుభ్రం చేసుకోవడం, ఆడుకోవడం, బడిలో కూర్చోవడం, రాయడం. ఈ పనులు తనంతట తాను చేసుకునేలా బిడ్డకు నేర్పడం, నేర్వలేని చోట పనినో, వస్తువునో, కూర్చునే చోటునో బిడ్డకు తగినట్టు మార్చడం ఈ వైద్యం.

దీనికీ ఫిజియోథెరపీకీ తేడా ఉంది. ఫిజియోథెరపీ ముఖ్యంగా కండరాలు, కీళ్ళు, నడక మీద దృష్టి పెడుతుంది. ఉన్న శక్తితో బిడ్డ అన్నం కలుపుకుని తినగలడా, పెన్సిలు పట్టగలడా అని ఆక్యుపేషనల్ థెరపీ చూస్తుంది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో కూడా ఈ రెండింటినీ వేర్వేరు వృత్తులుగానే గుర్తించారు. మన దేశానికి ఇది కొత్త వైద్యమేమీ కాదు. అమెరికాలో పుట్టి ఇక్కడి కోడలైన కమలా నింబ్కర్ గారు 1950లోనే బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దీనికి శిక్షణ మొదలుపెట్టారు. మన పల్లెలకు చేరడమే ఆలస్యమైంది.

రాయడమంటే వేళ్ళ పని మాత్రమే అని మనం అనుకుంటాము. ఎమ్మిగనూరులో మగ్గం మీద కూర్చున్న నేతగాడిని ఒకసారి చూడండి. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు కదా, మగ్గం ఎవరికీ కొత్త కాదు. నేతగాడి నడుము నిలకడగా ఉంటుంది. కాళ్ళు కింద చెక్కలు తొక్కుతూ ఉంటాయి. ఒక చేయి నాడెను నడిపిస్తుంది, ఇంకొక చేయి నేతను బిగిస్తుంది, కళ్ళు దారం మీద ఉంటాయి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా గుడ్డ చెడుతుంది. రాత కూడా అంతే. నడుము నిలవని బిడ్డ బల్ల మీద వాలిపోతాడు. భుజంలో బలం లేకపోతే చేయి వణుకుతుంది. ఎడమ చేయి కాగితాన్ని అదిమి పట్టకపోతే కుడి చేయి రాసేటప్పుడు కాగితం జారుతుంది. మనకు కనిపించేది చివరికి వచ్చిన వంకర అక్షరం ఒక్కటే. దానికి దెబ్బలు వేస్తాము.

ఏమేమి గమనించాలి?

వయసును బట్టి చూడాలి. నాలుగేళ్ళ బిడ్డ గుండీ పెట్టుకోలేకపోతే కంగారు పడనక్కరలేదు. ఏడేళ్ళు దాటినా పెట్టుకోలేకపోతే ఆలోచించాలి. పెన్సిలును పిడికిలితో గుప్పిట పట్టడం, నాలుగు వరుసలు రాసేసరికి చేయి నొప్పి అని విదిలించడం, బోర్డు మీది అక్షరాన్ని పుస్తకంలోకి ఎక్కించలేకపోవడం, బెంచీ మీద నిమిషం నిలవకపోవడం లేదా జారి వాలిపోవడం, మెట్లు దిగడానికి భయపడటం, చెప్పులు కుడి ఎడమలు ఎప్పుడూ తారుమారు చేయడం, ఇవి ఒకటి రెండు కాకుండా కొన్ని కలిసి కనిపిస్తే చూపించవలసిందే. కొందరు పిల్లలు బడి గంట మోగితే చెవులు మూసుకుని ఏడుస్తారు, ఇసుక తగిలితే కాళ్ళు ఎత్తేస్తారు, పప్పన్నం తప్ప ఏదీ నోట పెట్టనివ్వరు. అది మొండితనం అనుకోకండి. శబ్దం, స్పర్శ, రుచి వారి మెదడుకు మనకన్నా ఎక్కువగా తగులుతూ ఉండవచ్చు. దానికీ ఈ వైద్యంలో మార్గాలున్నాయి.

అయితే రాత బాగాలేని ప్రతి బిడ్డకూ థెరపీ అవసరం లేదు. ముందుగా కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించండి. అద్దాలు పెడితే సరిపోయే బిడ్డను ఏడాదిపాటు వ్యాయామాలకు తిప్పడం అన్యాయం.

ఎడమ చేతి వాటం సంగతి వేరుగా చెప్పాలి. పుట్టుకతో ఎడమ చేతి వాటం ఉన్న పిల్లలు చాలామంది ఉంటారు. అది జబ్బు కాదు, కొట్టి మార్చవలసిన పనీ లేదు. కానీ ఏడాది నిండకముందే బిడ్డ ఒకే చేతిని వాడుతూ రెండో చేతిని ముడిచి పెట్టుకుంటే అది వాటం కాదు. ఆ రెండో చేతిలో బలహీనత ఉందేమో డాక్టరు చూడాలి.

కొన్ని లక్షణాలు కనబడితే బడి ద్వారా చీటీ వచ్చేదాకా ఆగకండి, నేరుగా డాక్టరు దగ్గరకు రండి. బిడ్డ అంతకుముందు చేయగలిగిన పనిని, మాట్లాడిన మాటను మరచిపోతుంటే, ఫిట్స్ వస్తుంటే, ఒక పక్క కొత్తగా బలహీనపడితే ఆలస్యం చేయకూడదు. మూడు నుండి ఆరేళ్ళ మధ్య మగపిల్లవాడు తరచు పడిపోతూ, పిక్కలు లావుగా ఉండి, కింద కూర్చున్నవాడు తన తొడల మీద చేతులు వేసుకుంటూ పైకి లేస్తుంటే అది కండరాల జబ్బు కావచ్చు. అలాంటి బిడ్డకు "బలం రావాలని" పరుగులు పెట్టించడం, బరువులు మోయించడం హాని చేస్తుంది.

ఒక అమ్మాయి సంగతి

గుర్తు పట్టకుండా వివరాలు మార్చి చెబుతున్నాము. ఆ అమ్మాయికి తొమ్మిదేళ్ళు, మూడవ తరగతి. పుట్టగానే ఏడవలేదట. కుడి చేయి కొంచెం ముడుచుకుని ఉండేది, కుడి కాలు కొద్దిగా ఈడ్చేది. ఇంట్లో అందరూ ఎడమ చేతి వాటం అనుకున్నారు. ఎడమ చేత్తో అన్నం తింటుంటే నలుగురిలో తప్పని చేతి మీద కొట్టేవారు. బడిలో కాగితం జారిపోయి రాత చెడేది, అక్కడా తిట్లే. ఆ బిడ్డ అన్నం తినడానికీ భయపడేది, రాయడానికీ భయపడేది.

మెదడులో చిన్న దెబ్బ వల్ల ఒక పక్క బలహీనపడిందని డాక్టరు చెప్పాక ఆ తల్లి చాలాసేపు ఏడ్చింది. జబ్బుకు కాదు, కొట్టినందుకు. తరువాత చేసిన పనులు పెద్దవేమీ కావు. పరీక్ష అట్టకు రెండు క్లిప్పులు పెట్టి కాగితం జారకుండా చేశారు. ఎడమ చేత్తోనే రాయనిచ్చారు. కుడి చేతికి "పట్టుకునే పని" ఇచ్చారు: గిన్నె అదిమి పట్టడం, రొట్టె పిండి కలిపేటప్పుడు రెండు చేతులూ పెట్టడం. వేళ్ళు, మణికట్టు సాగదీసే వ్యాయామాలు రోజూ చేయించారు. ఐదారు నెలల్లో పేజీ నిండా రాయసాగింది.

ఆ పైన మిరప కోతలకు కుటుంబమంతా గుంటూరు వైపు వలస వెళ్ళింది. మూడు నెలలు బడి లేదు, వ్యాయామం లేదు. తిరిగి వచ్చేసరికి మణికట్టు మళ్ళీ బిగుసుకుంది. ఈ సంగతి మీద మళ్ళీ మాట్లాడుకుందాం. మన ప్రాంతంలో థెరపీ ఆగిపోవడానికి పెద్ద కారణం ఇదే.

బడి నుండి రిఫర్ చేయించడం ఎలా?

మన వైపు బడులలో ఆక్యుపేషనల్ థెరపిస్టు కూర్చుని ఉండరు. ఉన్నారనుకుని అడిగితే "లేరు" అనే సమాధానంతో మీరు తిరిగి వస్తారు. కాబట్టి "థెరపిస్టును పంపండి" అని కాక, "మా బిడ్డను పరీక్షింపజేసి రిఫర్ చేయండి" అని అడగాలి.

ప్రభుత్వ బడిలో అయితే ముందు క్లాసు టీచరుతో, తరువాత ప్రధానోపాధ్యాయులతో మాట్లాడండి. సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం శిక్షణ పొందిన సహిత విద్య టీచర్లు అక్కడ ఉంటారు. ఫిజియోథెరపిస్టు నిర్ణీత రోజుల్లో వస్తారు. ఏ రోజు వస్తారో మండల విద్యాధికారి కార్యాలయంలో గానీ కేంద్రంలో గానీ కనుక్కుని ఆ రోజే వెళ్ళండి. బడికి రాలేని బిడ్డకు ఇంటి వద్దే నేర్పే ఏర్పాటు కూడా ఉంది. టీచర్లు పిల్లలను ప్రాథమికంగా గుర్తించడానికి ఎన్.సి.ఇ.ఆర్.టి. 2022లో "ప్రశస్త్" అనే పట్టికను, మొబైల్ యాప్‌ను తెచ్చింది. మీ టీచరు గారిని దాని గురించి మర్యాదగా అడగవచ్చు.

రెండవ మార్గం ఆరోగ్య శాఖది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన బిడ్డ నుండి 18 ఏళ్ళ దాకా పిల్లలకు వర్తిస్తుంది. వైద్య బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఏడాదికి ఒకసారి వచ్చి పరీక్షించాలన్నది దాని నియమం. ఎదుగుదలలో ఆలస్యం కనిపించిన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి రిఫర్ చేస్తారు. బృందం వచ్చే రోజు మీ బిడ్డను బడి మాన్పించకండి. చాలామంది పిల్లలు ఆ ఒక్క రోజు పొలం పనికో, తిరునాళ్ళకో వెళ్ళి తప్పిపోతారు. ప్రైవేటు బడి పిల్లలైతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు చేత గానీ, ఆదోని ఏరియా ఆసుపత్రి ద్వారా గానీ రిఫరల్ చీటీ రాయించుకోండి.

ఆదోని నుండి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు. వారానికి మూడుసార్లు బిడ్డను ఎత్తుకుని వెళ్ళడం కూలి మీద బతికే కుటుంబానికి సాధ్యం కాదు. ఆ విషయం డాక్టరుతో మొదటి రోజే చెప్పండి, సిగ్గుపడవద్దు. చెప్తే వారు నెలకోసారో, రెండు నెలలకోసారో రమ్మని, మధ్యలో ఇంట్లో చేయవలసినవి రాసిస్తారు. చెప్పకపోతే వారానికి మూడుసార్లు అని రాస్తారు, మీరు ఒకసారి వెళ్ళి మానేస్తారు. జిల్లా దాటి పెద్ద పరీక్ష అవసరమైతే సికింద్రాబాదులో 1984 నుండి ఉన్న జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (పేరు మారి ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నారు), వెల్లూరు సి.ఎం.సి. ఆసుపత్రి ఉన్నాయి. అయితే నేరుగా అక్కడికి పరుగెత్తకుండా ఇక్కడి డాక్టరు సలహా తీసుకోండి.

నోటిమాట మరచిపోతారు, కాగితం ఉంటుంది. కాబట్టి చిన్న అర్జీ రాసి ఇవ్వండి. జబ్బు పేర్లు రాయనక్కరలేదు, చూసింది రాస్తే చాలు. ఉదాహరణకు:

"ప్రధానోపాధ్యాయుల వారికి నమస్కారములు. మా అమ్మాయి మీ పాఠశాలలో 3వ తరగతి చదువుచున్నది. కుడి చేతితో పెన్సిలు పట్టుకోలేదు. పది నిమిషాలు రాస్తే చేయి నొప్పి అంటుంది. గుండీలు పెట్టుకోలేదు. తరచు పడిపోతుంది. దయచేసి భవిత కేంద్రం టీచరు గారి చేత, ఆరోగ్య బృందం చేత పరీక్షింపజేసి, అవసరమైతే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి రిఫర్ చేయవలసిందిగా కోరుచున్నాము."

తేదీ వేసి, సంతకమో వేలిముద్రో వేసి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. చదువు రాని తల్లిదండ్రులకు ఆశా కార్యకర్త గానీ సచివాలయం సిబ్బంది గానీ రాసిపెడతారు.

ఇది ఎవరి దయా కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వం నిధులిచ్చే, గుర్తించిన బడులన్నీ ఇలాంటి పిల్లలను చేర్చుకుని, వారికి తగిన వసతి కల్పించాలని చెప్పింది. 40 శాతం ఆపైన వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుండి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండవ మూడవ భాషల మినహాయింపు వంటివీ ఆ చట్టంలో ఉన్నాయి. అయినా మీరు బడికి వెళ్ళి చట్టం మాటతో మొదలుపెట్టకండి. రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పే టీచరు కష్టం కూడా చూడాలి. "మేము ఇంట్లో ఇది చేయిస్తున్నాం, బడిలో మీరు ఈ ఒక్కటి చేయండి మేడం" అంటే చాలామంది టీచర్లు కాదనరు. కాళ్ళు గాలిలో వేలాడే బిడ్డకు కాళ్ళ కింద రెండు ఇటుకలో, చెక్కో పెట్టినా రాత మారుతుంది. సన్నటి పెన్సిలుకు గుడ్డ గానీ పాత సైకిలు ట్యూబు ముక్క గానీ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది. పది వరుసలకు బదులు మూడు వరుసలు రాయించి, మిగిలింది నోటితో చెప్పించుకోవచ్చు.

సర్టిఫికెట్ గురించి

థెరపీ మొదలుపెట్టడానికి సదరం సర్టిఫికెట్ అవసరం లేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆడపిల్లల తల్లిదండ్రులు "కాగితం మీద వికలాంగురాలని రాస్తే రేపు పెళ్ళి ఎలా" అనే భయంతో పరీక్షకే తీసుకురారు. పరీక్ష వేరు, సర్టిఫికెట్ వేరు. సర్టిఫికెట్ తీసుకోవాలా వద్దా అన్నది తరువాత మీరే నిర్ణయించుకోవచ్చు.

దీనికి ఎదురు సమస్య కూడా చూస్తున్నాము. "ఎంత పర్సెంటు వస్తుంది సార్" అన్నదే మొదటి ప్రశ్న, వ్యాయామాల గురించి అడగరు. రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలకు పెరిగింది. బీద కుటుంబానికి అది పెద్ద ఆసరా, తీసుకోవడం తప్పు కాదు. కానీ "చేయి బాగుపడితే పింఛను పోతుందేమో" అని వ్యాయామం మానేసిన ఇళ్ళు ఉన్నాయి. ఆ చేయి బిడ్డ జీవితమంతా వాడుకోవలసిన చేయి అని మాత్రం మేము వారికి చెబుతాము.

ఇంట్లో ఏం చేయాలి, వలస వెళ్తే ఏం చేయాలి?

వేళ్ళకు బలం రావడానికి బొమ్మలు కొననక్కరలేదు. బుడ్డలు ఒలిపించండి. జొన్న రొట్టెకు పిండి పిసికించండి, తట్టనివ్వండి, రొట్టె వంకరగా వస్తే రానివ్వండి. తడి గుడ్డ పిండించండి. చేటలో బియ్యం పోసి రాళ్ళు ఏరించండి. నాలుగేళ్ళ లోపు పిల్లల దగ్గర మాత్రం బుడ్డగింజలు ఉంచవద్దు, గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. ఉగ్గాని తినేటప్పుడు ఆలస్యమైనా బిడ్డనే తిననివ్వండి. మనం ప్రేమతో తినిపించినంత కాలం ఆ చేయి పని నేర్చుకోదు. బిగుసుకున్న చేయిని నాటు వైద్యుల చేత బలంగా లాగించడం, కట్లు కట్టించడం చేయవద్దు.

ఇక వలస. పత్తి తీతలకు, మిరప కోతలకు, బెంగుళూరు కట్టడం పనులకు మీరు వెళ్ళక తప్పదు. వెళ్ళే నెల ముందే మాకు గానీ, భవిత టీచరుకు గానీ చెప్పండి. బిడ్డను ఊరిలో అవ్వ తాతల దగ్గర వదిలే పనైతే, వ్యాయామం నేర్చుకోవలసింది అవ్వ. కాబట్టి ఆసుపత్రికి అవ్వనే తీసుకురండి. వలస వెళ్ళే వారి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు నడిపితే, అందులో బిడ్డకు చోటు ఉంటుందేమో ప్రధానోపాధ్యాయులను అడగండి. మీతోపాటే తీసుకువెళ్తే వ్యాయామాల చీటీని ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. డేరాలో కూడా పొద్దున పది నిమిషాలు, రాత్రి పది నిమిషాలు చేయించవచ్చు. పైన చెప్పిన అమ్మాయిని మరుసటి ఏడాది అవ్వ దగ్గర ఉంచారు. అవ్వకు కన్నడం తప్ప తెలుగు అంతగా రాదు, అందుకని చూపించి నేర్పాము. ఉగాదికి తల్లి తిరిగి వచ్చి చూస్తే చేయి బిగుసుకోలేదు.

మళ్ళీ వచ్చేటప్పుడు మందుల చీటీతోపాటు బిడ్డ నోటుబుక్కు కూడా తీసుకురండి. బడి తెరిచినప్పుడు రాసిన పేజీ, ఈ వారం రాసిన పేజీ పక్కపక్కన పెట్టి చూస్తాము. ఏ వ్యాయామం ఉంచాలో, ఏది మార్చాలో ఆ రెండు పేజీలు చూసి చెప్పడం మాకు తేలిక.